పలుకుబడి – వంశ పరిచయం

మనిషి నాలుగు మాటలు మాట్లాడితే చాలు, అతడు ఏ ప్రాంతంలో పెరిగాడో వినేవారు ఇంచుమించుగా పోల్చుకుంటారు. ఇది అందరికీ అనుభవమే. అయితే మన ముస్లిం కుటుంబాలలో ఈ పోలిక అంతటితో ఆగదు. మాట తీరునుబట్టి వంశాన్ని సైతం నిర్ణయించే అలవాటొకటి పాతుకొని ఉన్నది. సంబంధాలు మాట్లాడుకునే వేళ కొందరు షజరా (వంశవృక్షం) అడుగుతారు. అడగటానికి మొగమాటపడేవారు పిల్లవాని తండ్రి 'ఖాఫ్' అక్షరాన్ని ఎలా పలుకుతున్నాడో చెవి ఒగ్గి వింటారు. ఢిల్లీ, లక్నో తీరున ఉర్దూ పలికితే 'అస్లీ' ఖాన్‌దాన్ అనీ, దక్కనీ పలికితే ఒక మెట్టు తక్కువ అనీ, ఇంట్లో తెలుగే మాట్లాడితే నిన్నగాక మొన్న ఇస్లాంలోకి వచ్చినవారనీ ఒక లెక్క. ఈ లెక్క మూలంగా కుదరవలసిన నికాహ్‌లు కుదరక పోవటం, మస్జిదులో ఒకే వరుసలో నిలబడేవారు దస్తర్‌ఖాన్ దగ్గర ఎడమొహం పెడమొహంగా ఉండటం మనం ఎరుగనిది కాదు.

మరి ఈ లెక్క సరియైనదేనా? యాస, ఉచ్చారణ వంశాన్ని గురించి నిజంగా ఏమి చెబుతాయి? ఏమి చెప్పలేవు? మన పూర్వ విద్వాంసులు కూడా ఆలోచించిన ప్రశ్నే ఇది. వారి పరిశీలననూ, నేటి భాషాశాస్త్రాన్నీ, మన సిద్దిపేట ప్రాంతపు పలుకుబడినీ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు స్పష్టంగానే దొరుకుతుంది.

పూర్వ విద్వాంసుల పరిశీలన

అరబ్బు తెగల మాటల్లోని భేదాలను తొలి శతాబ్దాల భాషావేత్తలు ఎంతో శ్రద్ధగా నమోదు చేశారు. ఖురైష్ వారు హంజాను తేలికగా జారవిడిచేవారు. తమీమ్ తెగవారు దాన్ని గట్టిగా పలికేవారు, కొన్నిచోట్ల 'ఐన్'గా కూడా మార్చేవారు. యమన్‌లోని హిమ్‌యర్ వారు 'అల్' అనే ఉపపదాన్ని 'అమ్' అనేవారు. ఈ గుర్తులనుబట్టి మాట్లాడేవాడి తెగను పోల్చటం ఆనాడు మామూలు విషయం.

హిజ్రీ 255 (క్రీ.శ. 868–69)లో మరణించిన అల్ జాహిజ్ తన 'అల్ బయాన్ వత్తబ్‌యీన్' గ్రంథంలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. సింధు దేశస్థుడు వయసు వచ్చాక అరబ్బుల మధ్యకు వస్తే, అచ్చమైన అరబ్బు తెగల నడుమ యాభై యేళ్ళు గడిపినా అతని నోట 'జీమ్' అక్షరం 'జాయ్'గానే వస్తుందని రాశాడు. బానిస వర్తకులు అనుసరించే ఒక పరీక్షను కూడా పేర్కొన్నాడు. ఫలానా బాలిక అరబ్బుల మధ్యనే పుట్టి పెరిగిందని అమ్మేవారు చెప్పినప్పుడు, కొనేవాడు ఆమె చేత 'నాఇమా', 'షమ్స్' అనే మాటలను ఆగకుండా మూడుసార్లు పలికించేవాడట.

ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. జాహిజ్ చెప్పింది 'వయసు వచ్చాక వచ్చిన' సింధీని గురించి. అదే సింధీ దంపతుల బిడ్డ బస్రాలో పుట్టి అక్కడి పిల్లలతో ఆడుకొని పెరిగితే 'జీమ్'ను చక్కగానే పలుకుతాడు. బానిస బాలికకు పెట్టిన పరీక్ష కూడా ఆమె ఏ తండ్రి బిడ్డో తేల్చటానికి కాదు, ఎక్కడ పెరిగిందో తేల్చటానికే. అంటే నాలుక సాక్ష్యమిచ్చేది రక్తాన్ని గురించి కాదు, పెంపకాన్ని గురించి. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే తక్కిన విషయమంతా తేటతెల్లమవుతుంది.

హజ్రత్ సుహైబ్ (రజి) ఉదంతం

దీనికి సహాబీల జీవితాలలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. హజ్రత్ సుహైబ్ రూమీ (రజి)ని చరిత్ర 'రూమీ' అనే పిలుస్తున్నది. ఆయన అరబ్బీ మాటల్లో రోమక దేశపు యాస ఉండేది. కాని ఆయన రోమక సంతతివారు కారు. నమిర్ బిన్ ఖాసిత్ అనే అరబ్బు తెగవారు. పసితనంలో రోమకులు ఎత్తుకుపోయి బానిసను చేశారు. వారి మధ్య పెరగటం వల్ల నాలుక వారిదయింది. వంశం మాత్రం తండ్రిదే. ఆయన యాస విన్నవారికి ఆయన అరబ్బునని చెప్పుకోవటం వింతగా తోచేది. అల్లాహ్‌కు భయపడమనీ, తండ్రి కానివారికి తనను అంటగట్టుకోవద్దనీ హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనను హెచ్చరించినట్లు, అలాంటి పని తాను ఎన్నటికీ చేయననీ, చిన్ననాడే తనను అపహరించుకుపోయారనీ ఆయన బదులిచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది.

యాసనుబట్టి వంశాన్ని శంకించటం ఎంత సహజమో, ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పటానికి. మహాప్రవక్త (స) వారి బాల్యం కూడా ఈ సంగతినే చాటుతున్నది. వంశం ఖురైష్‌ది, పాలిచ్చి పెంచినది బనూ సఅద్ తెగకు చెందిన హజ్రత్ హలీమా (రజి). ఎడారి తెగల స్వచ్ఛమైన భాష అబ్బాలనే మక్కావారు తమ పిల్లలను వారి వద్దకు పంపేవారు. అంటే భాష తండ్రి వెన్నులో నుంచి రాదనీ, పెంచిన ఒడిలో నుంచి వస్తుందనీ ఆనాటివారికి బాగా తెలుసు.

మన ఇళ్ళలోని దక్కనీ

ఇక మన ప్రాంతానికి వద్దాం. సిద్దిపేట హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో కరీంనగర్ రహదారి మీద ఉన్న ఊరు. నిజాం కాలంలో మెదక్ జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 అక్టోబరు 11న తానే జిల్లా అయింది. ఇక్కడి ముస్లింలలో అధికులు ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. చదువుకున్నవారు కొందరు దీనిని 'చెడిపోయిన ఉర్దూ' అంటారు. ఆ మాట నిజం కాదు. దక్కనీ చెడిపోయినది కాదు. కొన్ని విషయాలలో నేటి ఢిల్లీ ఉర్దూ కంటే పాతది.

ఢిల్లీ సుల్తానుల సైన్యాలు 14వ శతాబ్దం తొలినాళ్ళలో దక్కనుకు వచ్చాయి. ఓరుగల్లు 1323లో పడిపోయింది. 1327 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దౌలతాబాదును రాజధానిగా చేసి ఢిల్లీ నుంచి ఎందరో కుటుంబాలవారిని అక్కడికి తరలించాడు. 1347లో బహమనీ రాజ్యం వెలిసింది. ఆనాడు వచ్చిన సిపాయిలు, సూఫీలు, చేతిపనులవారు తెచ్చిన భాష ఇక్కడే వేరూని, మరాఠీ, తెలుగు, కన్నడాల నడుమ పెరిగింది.

ఈ ప్రయాణమంతా మన మాటల్లో పొరలు పొరలుగా నిలిచి ఉన్నది. 'బాతాన్', 'కితాబాన్', 'లోగాన్' అనే బహువచనాలను చూడండి. ఇవి పంజాబు, హర్యానా పలుకుబళ్ళకు దగ్గరివి. ఉర్దూ పుట్టుకను పంజాబుతో ముడిపెట్టిన హాఫిజ్ మహమూద్ షీరానీ, ఢిల్లీ చుట్టుపక్కల హర్యానీ మాటలతో ముడిపెట్టిన మసూద్ హుసేన్ ఖాన్ ఇద్దరూ తమ వాదాలకు దక్కనీని సాక్ష్యంగా తెచ్చారు. ఇది మొదటి పొర.

'వద్దు' అనటానికి మనం వాడే 'నక్కో' మరాఠీ 'నకో'. 'ఐసైచ్', 'వోఇచ్' అనే మాటల చివర నొక్కి చెప్పే 'చ్' కూడా మరాఠీదే. ఇది దౌలతాబాదు పొర.

మూడవది తెలుగు పొర. ఇది పదాలలో కంటే వాక్యనిర్మాణంలో ఎక్కువగా కనిపిస్తుంది. 'వస్తానని చెప్పాడు' అనటానికి మన ఇళ్ళలో 'ఆతుం బోల్‌కే బోలా' అంటాము. తెలుగులో 'అను' ధాతువు నుంచి వచ్చిన 'అని' చేసే పనిని ఇక్కడ 'బోల్‌కే' చేస్తున్నది. ఉత్తరాదివారు 'పానీ వానీ' అంటే మనం 'పానీ గీనీ' అంటాము. అది అచ్చంగా తెలుగువారి 'నీళ్ళు గీళ్ళు'. 'ఆద్మీ' మన నోట 'అద్మీ' అవుతుంది, 'హాథ్' 'హాత్' అవుతుంది.

ఇప్పుడు వంశం సంగతి ఆలోచించండి. సిద్దిపేటలో 'నక్కో' అనే ఇంటి పూర్వీకులు మరాఠీలా? 'బాతాన్' అనే ఇల్లు పంజాబుదా? కాదు. ఈ మాటలు ఒక్కొక్క కుటుంబం వేరువేరుగా మోసుకొచ్చినవి కావు, భాష మొత్తంగా మోసుకొచ్చినవి. ఢిల్లీ నుంచి వచ్చిన సిపాయి మనుమడూ, ఇక్కడే ఇస్లాం స్వీకరించిన రైతు మనుమడూ ఒకే గల్లీలో ఆడుకొని ఒకే దక్కనీ నేర్చుకున్నారు. మాట పుట్టిన చోటు వేరు, ఆ మాట పలికేవాడి తాతలు పుట్టిన చోటు వేరు.

హైదరాబాదులోని బర్కస్ దీనికి చక్కని ఉదాహరణ. నిజాం సైన్యంలో పనిచేయటానికి యమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతివారు అక్కడ ఉన్నారు. వారి అరబ్బు వంశాన్ని ఎవరూ శంకించరు. కాని అక్కడ పుట్టి పెరిగిన పిల్లవాడు వీధిలో మాట్లాడేది దక్కనీయే. తండ్రి వంశం హజ్రమౌత్‌ది; నాలుక దక్కనుది.

'ఖాఫ్' కథ

'ఖాఫ్'ను గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కంఠమూలం నుంచి పలకవలసిన ఖాఫ్ 'ఖే'గా మారిపోయింది. సమాధికీ వార్తకూ ఒకే మాట: 'ఖబర్'. ఉత్తరాది సామాన్యులు ఖాఫ్‌ను 'క'గా మార్చి 'కబర్' అంటారు. కనుక 'ఖే' వినబడితే ఆ మనిషి దక్కనులో పెరిగాడని చెప్పవచ్చు. అంతకు మించి చెప్పరాదు. అనువాదం చేసే మాబోటివారికి ఈ చిక్కు రోజూ ఎదురవుతుంది. తెలుగు లిపిలో రెండక్షరాలకూ 'ఖ' అనే రాస్తాము. సందర్భం చూసుకుంటేనే అర్థం తెలిసేది.

ఖాఫ్ చక్కగా పలకటమే అరబ్బు రక్తానికి గుర్తు అనుకునేవారు అరబ్బు దేశాలను చూడాలి. కైరో నగరవాసుల వాడుకలో ఖాఫ్ స్థానంలో హంజా వినబడుతుంది. యమన్‌లోని సనాలో అది 'గ' అవుతుంది. వారంతా అరబ్బులు కాకుండా పోయారా? మరోవైపు మన మదర్సాలలో తజ్‌వీద్ నేర్చుకున్న పిల్లవాడు, అతని తాత తెలుగు తప్ప మరో భాష ఎరుగని సేద్యగాడైనా, ఖాఫ్‌ను దాని మఖ్రజ్ నుంచి నిర్దుష్టంగా పలుకుతాడు. అది ఉస్తాదు శ్రమకు ఫలితం. అందులో వంశం ప్రసక్తి ఏమీ లేదు.

తెలుగు మాతృభాషగా గలవారు

ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలకు ఈ విషయంలో ఎక్కువ అన్యాయం జరిగింది. దూదేకులవారినే తీసుకోండి. ప్రభుత్వపు వెనుకబడిన తరగతుల జాబితాలో 'బి' విభాగంలో వారికి నాలుగు పేర్లు కనిపిస్తాయి: దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్. 'దూదేకుల' అచ్చ తెలుగు: దూదిని ఏకేవారు. 'లద్దాఫ్' అరబ్బీ 'నద్దాఫ్'కు మారుపేరు. దానికీ దూది ఏకేవాడనే అర్థం. 'పింజారి' కూడా ఉత్తరాది భాషలలో ఆ పనివాని పేరే. వృత్తి ఒకటే, దాన్ని పిలిచిన భాషలు వేరు. 'లద్దాఫ్' అన్నంత మాత్రాన అరబ్బులూ కారు, 'దూదేకుల' అన్నంత మాత్రాన తక్కువవారూ కారు.

వీరి నోట 'నమాజ్'లోని 'జ' తెలుగు 'జ'గానే వినబడుతుంది. దీన్నిబట్టి వారి తొలి భాష తెలుగు అని తెలుస్తుంది. దీన్ విషయంలో వారి నిష్ఠ ఎంతో తెలియదు. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపామని దివ్యఖుర్ఆన్ ఇబ్రాహీం సూరా (14:4) తెలుపుతున్నది. తెలుగులో దుఆ చేసుకునే తల్లి ఇస్లాంకు దూరమైనది కాదు.

తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాల వలసలను తెలుసుకోవటానికి తెలుగు యాసే ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. సిద్దిపేటలో 'చేసిండు' అంటారు; కోస్తాలో 'చేశాడు', రాయలసీమలో 'చేసినాడు' వినబడతాయి. తెలంగాణ పల్లెల్లో 'అవ్వ' అంటే తల్లి. రాయలసీమలో అవ్వ అంటే తాత భార్య. సిద్దిపేటలో మూడు తరాలుగా ఉంటున్న ఇంట్లో ముసలమ్మ 'చేసినాడు' అనీ, తన నానమ్మను 'అవ్వ' అనీ అంటూ ఉంటే, ఆ ఇంటివారు గాని, ఆమె పుట్టింటివారు గాని దక్షిణం నుంచి వచ్చి ఉండవచ్చు. ఇది వెదకదగిన ఆధారం.

పరిశీలించే పద్ధతి

కుటుంబ చరిత్ర తెలుసుకోగోరే యువకులు ముందుగా ఇంట్లోని పెద్దల మాటలను, ముఖ్యంగా స్త్రీల మాటలను వినాలి. నసబ్ తండ్రి వైపు నుంచి వస్తే భాష ఎక్కువగా తల్లి నుంచి వస్తుంది. కోడలు వేరే ప్రాంతం నుంచి వస్తే పిల్లల మాటలో ఆమె పుట్టింటి యాస కలుస్తుంది. కనుక ఇంట్లో వింతగా వినబడే మాట నానమ్మదా, అమ్మమ్మదా అని మొదట తేల్చుకోవాలి.

బంధువుల పిలుపులు, వంటింటి మాటలు, జోలపాటలు, లెక్కపెట్టేటప్పుడూ కోపం వచ్చినప్పుడూ దొర్లే భాష — ఇవి త్వరగా మారవు. బడిలో నేర్చిన మాటలు మారతాయి. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన తర్వాత ఈ ప్రాంతంలో హిందువులు కూడా ఎందరో చక్కని ఉర్దూ మాట్లాడారు. 1948లో నిజాం పాలన ముగిసి, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడిన తర్వాత ముస్లిం పిల్లలు ఎందరో తెలుగు బడులకు వెళ్ళారు. తాత ఉర్దూ, మనుమడి తెలుగు ఒకే ఇంటివి. మధ్యలో మారినది బడి గాని వంశం కాదు.

ఆ తర్వాత విన్నదానిని కాగితాలతో సరిచూసుకోవాలి. నికాహ్‌నామాలు, ఇనాముల ముంతఖబ్‌లు, వక్ఫ్ దస్తావేజులు, సేత్వార్, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, పాత సమాధుల మీది శాసనాలు — వీటిలో పేర్లు, ఊళ్ళు, వృత్తులు దొరుకుతాయి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారంలో పారసీ, ఉర్దూ పత్రాలు విస్తారంగా ఉన్నాయి. యాస వెదకవలసిన దిక్కు చూపుతుంది. రుజువు మాత్రం పత్రానిదే.

నేటి ప్రపంచం కూడా ఈ పరిమితిని గుర్తించింది. శరణు కోరి వచ్చేవారు ఏ దేశస్థులో తేల్చటానికి 1990ల నుంచి స్వీడన్ మొదలైన ఐరోపా దేశాలు వారి మాటలను రికార్డు చేసి పరీక్షిస్తున్నాయి. ఒక మనిషి బతుకు ఆ పరీక్ష మీద ఆధారపడి ఉంటుంది. అందుకే 2004లో కొందరు భాషాశాస్త్రజ్ఞులు కలిసి మార్గదర్శక సూత్రాలు ప్రకటించారు. మాట తీరు మనిషి ఏ సమాజంలో పెరిగాడో సూచించగలదు గాని అతని పౌరసత్వాన్ని నేరుగా తేల్చలేదని వాటి సారాంశం. జాహిజ్ పరిశీలనలో ఇమిడి ఉన్నదీ అదే.

నసబ్, గర్వం, న్యాయం

నసబ్‌ను కాపాడుకోవటం ఇస్లాంలో తప్పు కాదు. ఎవరినైనా వారి తండ్రుల పేరుతోనే పిలవాలని అహ్జాబ్ సూరా (33:5) ఆదేశిస్తున్నది. లేని వంశాన్ని అంటగట్టుకోవటం ఘోరమైన తప్పు. ఉన్న వంశాన్ని ఎగతాళి చేయటం కూడా తప్పే. వంశాలను కించపరచటాన్ని మహాప్రవక్త (స) అజ్ఞానకాలపు అలవాట్లలో ఒకటిగా పేర్కొన్నట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. వివాహంలో కుఫూ (సమానత)ను చర్చించిన హనఫీ ఫిఖహ్ గ్రంథాలు కూడా వంశ సమానతను అరబ్బుల మధ్యనే పరిగణించాయి. అజమీలు తమ వంశావళులను పోగొట్టుకున్నారని వాటి మాట. అలాంటప్పుడు సిద్దిపేటలో ఖాఫ్‌ను తక్కెడగా పెట్టి కుటుంబాలను తూచటానికి ఏ ఫిఖహ్ ఆధారం? భారత ముస్లింల వంశమూలాలలో అత్యధిక భాగం ఈ నేలదేనని, కొన్ని వర్గాలలో మాత్రం పశ్చిమాసియా పాలు కొంత కనిపిస్తున్నదని ఇటీవలి జన్యుశాస్త్ర పరిశోధనలు కూడా చెబుతున్నాయి.

హజ్రత్ బిలాల్ (రజి) 'షీన్'ను 'సీన్'గా పలికేవారని, అల్లాహ్ దృష్టిలో ఆయన 'సీన్' కూడా 'షీనే' అని ఒక మాట వాజ్ సభలలో తరచుగా వినబడుతుంది. దానికి ఆధారం లేదని హాఫిజ్ ఇబ్నె కసీర్ వంటి విద్వాంసులు తేల్చారు. బిలాల్ (రజి) స్పష్టమైన, మధురమైన కంఠం గలవారు. మంచి ఉద్దేశంతో చెప్పినా, నల్లనివాడు కనుక నాలుక తిరిగి ఉండదనే ఊహ ఆ కట్టుకథలో దాగి ఉన్నది. రంగునుబట్టి నాలుకను ఊహించటం, నాలుకనుబట్టి వంశాన్ని ఊహించటం — రెండూ ఒకే జాడ్యం.

భాషలలోని, రంగులలోని భేదాలు అల్లాహ్ సూచనలలో ఒకటని రూమ్ సూరా (30:22) తెలుపుతున్నది. తెగలుగా, జాతులుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవటానికేనని, గౌరవానికి కొలమానం తఖ్వా మాత్రమేనని హుజురాత్ సూరా (49:13) విశదం చేస్తున్నది. కనుక మన పెద్దల 'నక్కో'ను, 'బోల్‌కే'ను, 'చేసిండు'ను శ్రద్ధగా విని రాసి పెట్టుకుందాం. వారు నడిచిన దారులు, కలిసి బతికిన ఇరుగుపొరుగులు ఆ మాటల్లో ఉన్నాయి. ఆ వృద్ధులతోపాటే అవీ వెళ్ళిపోతున్నాయి. కాని సంబంధం కలుపుకోవటానికి వచ్చిన మనిషి ఖాఫ్‌ను ఎలా పలుకుతాడో వినటం మాని, ఇచ్చిన మాట మీద ఎలా నిలబడతాడో చూద్దాం.